గజం లెక్క, గల్లీ లెక్క

మా ఇంటి ముందు 5 అడుగుల జాగా వదిలితే 5 లక్షలు ఇస్తానని బిల్డర్ అడిగాడు. ఇల్లు 36 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు, మొత్తం 180 గజాలు. 36ను 5తో హెచ్చిస్తే 180 చదరపు అడుగులు, అంటే 20 గజాలు. 2025 వేసవిలో మా గల్లీలో గజం 20 వేలకు అటూ ఇటూ నడిచేది. 4 లక్షల జాగాకు 5 లక్షలు వస్తున్నాయంటే ఎవరికైనా సంతకం పెట్టాలనే ఉంటుంది. పదమూడేళ్లు గల్ఫ్‌లో కష్టపడి కట్టుకున్న ఇల్లు నాది. గోడలో పెట్టిన ప్రతి ఇటుక ధర నాకు గుర్తుంది. అందుకే సంతకానికి ముందు కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

సంగతి ఇది. కామారెడ్డిలో బెల్లం మార్కెట్‌కు దగ్గరగా ఉండే మా గల్లీలో ఒక వైపు తొమ్మిది ఇళ్లు ఉన్నాయి. అన్నీ ఒకే లేఅవుట్‌లో దాదాపు ఒకే కొలతల్లో కట్టినవి. ఎదురుగా పొడవునా మూతపడ్డ రైస్ మిల్లు. దాన్ని కొన్న బిల్డర్ పాత షెడ్డును ఫంక్షన్ హాలుగా మార్చి, ముందు భాగంలో మడిగెలు, కింద సెల్లార్ కట్టాలనుకున్నాడు. గల్లీ 30 అడుగులు. తన ప్లానుకు 40 అడుగుల తోవ కావాలన్నాడు. 5 అడుగులు తాను వదులుతానని, మిగతా 5 అడుగులు మేం ఇవ్వాలని అతని లెక్క.

అతను అందరినీ పిలిచి చెప్పలేదు, ఇంటింటికీ వేరుగా వెళ్లాడు. కొడుకులిద్దరూ దుబాయిలో ఉన్న ఒక పెద్దమ్మకు మూడున్నర లక్షలన్నాడు. నాకు 5 అన్నాడు. మూల మీది ఇంట్లో రెండు మడిగెలున్నాయి కాబట్టి వాళ్లకు 8 అన్నాడు. ఒక ఆదివారం మా వరండాలో తొమ్మిది ఇళ్లవాళ్లం కూర్చుని ఎవరి అంకె వాళ్లు పైకి చెప్పుకున్నాకే ఇది బయటపడింది. డబ్బు సంగతి పక్కింటివాళ్ల ముందు మాట్లాడటం మనకు అలవాటు లేదు. జీతం చెప్పం, అప్పు చెప్పం, జాగా అమ్మిన ధర అసలే చెప్పం. నా మట్టుకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన పని, ఆ రోజు తొమ్మిది అంకెలూ ఒకే కాగితం మీద రాయడమే. పెద్దమ్మ ఒక్క మాటే అంది. "నా ఇంటి ముందు మన్ను ఏమన్న తక్కువదా బిడ్డా?"

కలిసి నిలబడటం కామారెడ్డికి కొత్త కాదు. 2023 జనవరిలో మున్సిపల్ మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలెక్టరేట్ ముందుకు వచ్చారు. తమ పంట భూములను పారిశ్రామిక జోన్‌లో, కొత్త రోడ్ల కింద చూపించారన్నది వాళ్ల బాధ. అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ప్రాణం పోయింది. (పేరు కలిసినా ఎల్లారెడ్డి పట్టణం వేరు. ఇది కామారెడ్డి దగ్గరి ఊరు.) చివరికి జనవరి 20న కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. ఆ దుఃఖం ముందు మా 5 అడుగుల పేచీ చాలా చిన్నది. కానీ ఒక్కొక్కరు వేరుగా వెళ్లి అడిగి ఉంటే ఏ రైతుకూ జవాబు దొరికేది కాదని ఈ పట్టణంలో అందరికీ తెలుసు. మా వరండాలో ఆ మాట రెండు మూడుసార్లు వచ్చింది.

ఇప్పుడు నా లెక్క. జాగా విలువ 4 లక్షలు. ప్రహరీ, గేటు, నీళ్ల సంపు తీసి మళ్లీ కట్టడానికి మేస్త్రి లక్ష పైనే చెప్పాడు. పై అంతస్తు కిరాయి నెలకు 7,500. పెళ్లిళ్ల సీజన్లో మైకులు, గేటుకు అడ్డంగా కార్లు ఉంటే ఆ కిరాయి 6,000కు దిగుతుందని అనుకున్నాను. నెలకు 1,500 అంటే ఏడాదికి 18,000. బ్యాంకులో 7 శాతం వడ్డీ మీద అంత రావాలంటే రెండున్నర లక్షల పైన డిపాజిట్ చేయాలి. అన్నీ కలిపితే ఏడున్నర దాటింది. ఇక 5 లక్షలు లాభమెక్కడ? మరోవైపు, 40 అడుగుల రోడ్డు వస్తే మిగిలిన 160 గజాల ధర పెరుగుతుంది. అది కాదనలేను. కానీ నేను ఇల్లు అమ్మను. అమ్మనంత కాలం ఆ పెరుగుదల నా చేతికి రాదు, కిరాయి నష్టం మాత్రం నెలనెలా వస్తుంది.

తరువాత అతని వైపు నుంచి లెక్క వేశాం. ఇది చాలామంది చేయరు. మేం కాదంటే అతను ఏం చేస్తాడు? పది అడుగులూ తన స్థలంలోంచే వదులుతాడు. అంటే మా తొమ్మిది ఇళ్ల బదులు అతని 180 గజాలు పోతాయి. రోడ్డు మీద మడిగెలకు పనికొచ్చే స్థలం కాబట్టి గజం 35 వేలనుకున్నాం. మొత్తం 63 లక్షలు, ఇంటికి 7 లక్షలు. అంతకు మించి మేం అడిగితే అతను తన జాగానే వదులుకుంటాడు. మాకు ఏడున్నర కావాలి, అతను 7 దాటలేడు. డబ్బు ఒక్కటే మాట్లాడితే బేరం కుదరదు.

కుదిరే దారి షరతుల్లో ఉంది. నా రెండున్నర లక్షల కిరాయి నష్టం హోరు నుంచి, పార్కింగు నుంచి వచ్చేది. ఆ రెండూ అతను ఆపితే ఆ నష్టం చాలావరకు ఉండదు. మిల్లు వెనక ఖాళీ జాగాలో బండ్లు పెట్టించడం, సౌండు బాక్సులు మా వైపు తిప్పకపోవడం అతనికి పెద్ద ఖర్చు కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మూసిన హాలు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఎలాగూ చెప్తున్నాయి. అతనికి తక్కువలో పోయేదీ, మనకు ఎక్కువ విలువైనదీ ముందు అడగాలి.

షరతులు ఎలా రాయించాలో ఎల్లారెడ్డిలో మా అక్క ఇంటి దగ్గర చూశాను. అక్కడ పక్క పాత ఇంటిని కాంప్లెక్సుగా మార్చినప్పుడు ఇరుగుపొరుగు వేరువేరుగా నోటరీ కాగితాల మీద సంతకాలు పెట్టి తలా కొంత తీసుకున్నారు. పునాది తవ్వాక అక్క వంటింటి గోడ పగిలింది. కాగితంలో 'ఇకపై ఎటువంటి అభ్యంతరం లేదు' అని ఉంది. లింగంపేట మీదుగా బస్సులో తిరిగొస్తుంటే ఆ ఒక్క వాక్యమే నా మనసులో తిరిగింది.

అందుకని పార్కింగు, హోరు షరతులతో పాటు మేం నాలుగు పనులకు పట్టుబట్టాం. జాగా బిల్డర్ పేరు మీద కాకుండా రోడ్డు కోసం మున్సిపాలిటీకే రిజిస్టరు కావాలి. అతని పేరు మీదైతే రేపు అక్కడ గొలుసు కట్టినా అడగలేం. ఇంటి అప్పు ఉన్న రెండు ఇళ్లవాళ్లు ముందు బ్యాంకు అనుమతి తెచ్చుకోవాలి, పత్రాలు బ్యాంకు దగ్గరే ఉంటాయి కదా. డబ్బంతా బ్యాంకు ద్వారానే రావాలి. స్థిరాస్తి బదిలీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడవచ్చు. సగం నగదుగా ఇస్తానని అతను అడిగినప్పుడు మా ఆడిటర్ ఇదే చెప్పాడు. పన్ను ఎలాగూ కట్టాలి. 2024 జూలై 23కు ముందు కొన్న జాగా కాబట్టి ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం, ఉంటే 20 శాతం, ఏది తక్కువైతే అది. నాలుగోది, గోడలు పగిలితే బాగుచేయించడానికి 5 లక్షల ఎఫ్‌డీ. బిల్డరూ, మా తరఫున ఇద్దరూ కలిసి సంతకం పెడితేనే అది విడుదలవుతుంది. తవ్వకానికి ముందే ప్రతి ఇంటి గోడలూ తేదీతో ఫొటోలు తీయించాం.

మాలో మాకే కష్టమైంది మూల ఇంటి సంగతి. ఆ ఇంటాయన చేతికి 8 లక్షలు వచ్చేవి. అందరికీ ఒకే ధర అంటే అతనే త్యాగం చేయాలి. "మీ ఐకమత్యానికి నా మూడు లక్షలు కట్టాల్నా అన్నా?" అని సూటిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. గజం ధర అందరికీ ఒకటే, కానీ అతని మడిగెల ముందు భాగం కూల్చి మళ్లీ కట్టే ఖర్చు, ఆ నెలల కిరాయి వేరుగా ఇవ్వాలని తేల్చాం. లక్షన్నర వచ్చింది. 8 కాలేదు. అయినా ఒప్పుకున్నాడు. తన గోడకూ మిల్లు గోడకూ మధ్య తవ్వకమే అతని అసలు భయం, దానికి ఎఫ్‌డీ హామీ ఉంది.

సెల్లార్ మీద మాట ముందుకు సాగలేదు, 2025 ఆగస్టు 27, 28 వానలు వచ్చేదాకా. రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. జీఆర్ కాలనీ ఇళ్లు నీళ్లలో ఉన్నాయి, తలమడ్ల దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మా మోరి నిండి నీళ్లు గేట్ల దాకా వచ్చాయి. తరువాతి వారం బిల్డరే సెల్లార్ వద్దనుకున్నాడు. మోరి పెద్దది చేయించే ఖర్చు కూడా ఒప్పందంలో చేర్చాం.

చివరికి గజానికి 28 వేలు, ఇంటికి 5 లక్షల 60 వేలు, ప్రహరీ అతనే కట్టిస్తాడు. గోడ ఖర్చు కలిపినా అతనికి ఇంటికి 7 లోపే పడింది. పెద్దమ్మకూ అదే ధర. నా డబ్బులో పన్నుకు ఎంతవుతుందో ఆడిటర్‌ను అడిగి వేరుగా పెట్టాను. మిగతాది చిన్నమ్మాయి చదువు అప్పుకు కట్టాను. దాని వడ్డీ ఏ డిపాజిట్ వడ్డీ కంటే ఎక్కువ.

పని ఇంకా నడుస్తోంది. జనరేటర్ ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం కట్టిన విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖాలో ఉంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడుదలవుతుంది. జనరేటర్ వెనక వైపుకు మార్చాలని ఆ లోపే రాతపూర్వకంగా ఇవ్వాలని నిర్ణయించాం. అర్జీ రాసే పని నాకు అప్పజెప్పారు. తొమ్మిది సంతకాలకూ కింద జాగా వదిలి రాస్తున్నాను.