అప్రీషియేట్ అంటే మెచ్చుకోవడమేనా?

మన ఆఫీసు మెయిళ్ళలో రోజూ కనిపించే మాట "అప్రీషియేట్". మనమేమో దీన్ని మెచ్చుకోవడం అనేసుకుంటాం. కానీ దీని మూలం లాటిన్ "ప్రెటియం", అంటే వెల. "ప్రైస్", "అప్రైజల్" కూడా ఆ గూటి పక్షులే.

2007లో రూపాయి అప్రీషియేట్ అయ్యి డాలరు 40 రూపాయల లోపుకి దిగితే, డాలర్లలో సంపాదించే మన ఐటీ కంపెనీలు కంగారుపడ్డాయి. అక్కడ అర్థం విలువ పెరగడం.

ఇక "ఐ అప్రీషియేట్ యువర్ కన్సర్న్" అంటే మీ బాధ నాకు అర్థమైంది అని మాత్రమే. మెప్పూ కాదు, ఒప్పుకోవడమూ కాదు. జీతం సంగతి ఎత్తితే మా మేనేజరు రాసింది ఈ వాక్యమే. అది చూసి సంబరపడితే ఇంకో ఏడాది గడిచిపోతుంది. మెచ్చుకోలు మాటతో సరిపోతుంది, విలువ కట్టడం మాత్రం అంకెల్లో తేలాలి. అందుకే "అర్థమైనందుకు సంతోషం, ఎంత పెంచుతారో చెప్పండి" అని తిరుగు మెయిలు కొట్టాను.

జవాబు ఇంకా రాలేదు లెండి. మీకెప్పుడైనా వచ్చిందా?