సుబ్బన్న వేసిన 917 బంతులు

ఇవాళ మీకు ఒక పాత మ్యాచ్ కబురు చెప్పాలి.

1945 మార్చి. బర్మాలో యుద్ధం ఇంకా సాగుతోంది. ఇంగ్లండ్‌లో కౌంటీ పోటీలు లేవు, ఆస్ట్రేలియాలో షెఫీల్డ్ షీల్డ్ లేదు, టెస్టుల ఊసే లేదు. మన రంజీ ట్రోఫీ మాత్రం యుద్ధం నడిచినన్నాళ్ళూ ఒక్క ఏడాది కూడా ఆగలేదు. ఆ ఏడు ఫైనల్ బ్రబోర్న్ స్టేడియంలో, బొంబాయికీ హోల్కర్‌కీ.

హోల్కర్ అంటే ఇండోర్ సంస్థానం జట్టు. కెప్టెన్ మన సి.కె. నాయుడు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకి నాయకుడైన ఆ తెలుగాయనకి ఈ ఫైనల్ నాటికి 49 ఏళ్ళు. జట్టులో డెనిస్ కాంప్టన్ కూడా ఉన్నాడు. ఇండోర్ పక్కనే ఉన్న మౌ కంటోన్మెంటుకి సైన్యం పంపితే వచ్చిన ఇంగ్లీషు ఆటగాడు.

ఫలితం తేలేదాకా ఆడాల్సిన ఆట అది. బొంబాయి 462 కొట్టింది, హోల్కర్ 360. రెండోసారి బొంబాయి ఏకంగా 764! విజయ్ మర్చంట్ ఒక్కడే 278. హోల్కర్ ముందు 867 లక్ష్యం. ముస్తాక్ అలీ ఈ మ్యాచ్‌లో రెండో సెంచరీ చేశాడు, కాంప్టన్ 249తో అజేయంగా నిలిచాడు. అయినా 492 దగ్గర ఆట ముగిసింది. మొత్తం 2078 పరుగులు. ఈ మ్యాచ్ గురించి ఎవరు చెప్పినా ఈ పరుగులే చెబుతారు.

నా మనసంతా బంతి వేసినవాడి మీదే ఉంది. సి.కె. తమ్ముడు సి.ఎస్. నాయుడు, మన కొఠారి సుబ్బన్న. లెగ్‌స్పిన్, గూగ్లీ అతని విద్య. ఆ ఒక్క మ్యాచ్‌లో అతను వేసినవి 917 బంతులు. అంటే 152 ఓవర్ల అయిదు బంతులు. ఇవాళ వన్డేలో ఒక బౌలర్‌కి పది ఓవర్లే కదా? పదిహేను వన్డేల కోటా ఒక్క మ్యాచ్‌లోనే వేశాడన్నమాట!

లెగ్‌స్పిన్ వేసినవాళ్ళకి తెలుసు. బంతి వదిలే ప్రతిసారీ ఉంగరపు వేలిని కుట్టు ఒరుసుకుపోతుంది. ముందు ఎర్రబడుతుంది, తర్వాత తోలు లేస్తుంది. మణికట్టు లాగేస్తుంది, భుజం బరువెక్కుతుంది. అలాంటి చేత్తో సుబ్బన్న రెండు ఇన్నింగ్స్‌లోనూ వేస్తూనే పోయాడు. 428 పరుగులిచ్చాడు, 11 వికెట్లు తీశాడు. పరుగులిచ్చాడని తప్పు పట్టేవాళ్ళతో నేను ఒప్పుకోను. అన్నేసి ఓవర్లు అన్నగారు అతని చేతికే ఇచ్చారంటే, ఆ చేతిమీద ఉన్న నమ్మకం అలాంటిది.

1942-43లో రంజీ ఒక్క సీజన్‌లో 40 వికెట్లు మొదటగా తీసిందీ సుబ్బన్నే. కానీ 1936 నుంచి 1946 దాకా భారత్‌కి ఒక్క టెస్టూ లేదు. లెగ్‌స్పిన్నర్ చెయ్యి పదునెక్కే వయసు, ఇరవై రెండు నుంచి ముప్ఫై రెండు దాకా, అతనికి టెస్టులు లేకుండానే గడిచిపోయింది. చివరికి అతని టెస్టు లెక్క 11 మ్యాచ్‌లు, 2 వికెట్లు. ఆ అంకెలు చూసి మనిషిని కొలిస్తే అన్యాయం.

ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఒక మ్యాచ్‌లో 917 బంతులు ఇంకెవరూ వేయలేదు. మీ ఇంట్లో లెగ్‌స్పిన్ నేర్చుకునే పిల్లలుంటే, ఈ సాయంత్రం వాళ్ళకి సుబ్బన్న పేరు చెప్పండి.