పిల్లలకోడి

మా డాబామీది రేకుల గదిని నేను ‘వేధశాల’ అంటే మా ఆవిడ నవ్వుతుంది. పైరేకు పక్కకు తోస్తే ఆకాశం కనిపిస్తుంది గదా, ఇంకేం కావాలి?

చిన్నప్పుడు ఆరుబయట మంచంమీద పడుకోబెట్టుకుని అమ్మ కృత్తికలను చూపించేది. “అదుగో పిల్లలకోడి, లెక్కపెట్టు” అనేది. నాకు ఆరే కనిపించేవి, అమ్మకు ఏడు. ఇప్పుడామెకు చూపు మందగించింది. అంచేత మొన్న కార్తీకంలో వాటి ఫొటో తీసి, పెద్దదిగా అచ్చువేయించి చేతికివ్వాలని బుద్ధిపుట్టింది.

తీరా పూర్ణిమనాడు చంద్రుడు వాటి పక్కనే మకాం! అమావాస్యదాకా ఆగాను. ఎదురింటివారి దీపం ఆరేదాకా రెండు రాత్రులు పడిగాపులు. రెండేసి నిమిషాల ఫొటోలు అరవై తీసి, కంప్యూటరులో అన్నిటినీ ఒకటిగా కలిపితే, చుక్కలచుట్టూ నీలి మేలిముసుగు తేలింది. అదంతా వాటి దారిలో అడ్డొచ్చిన ధూళి. దానికి సొంత వెలుగు లేదనీ, చుక్కల వెలుగే దానిమీద పడి చెదురుతోందనీ 1912లో స్లైఫర్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. చెదరడంలో నీలానిదే పైచేయి, అందుకే ఆ రంగు. ఆ వెలుగు బయలుదేరి సుమారు 440 ఏళ్లు. 1565 నాటి తళ్లికోట యుద్ధం ముగిసిన కొత్తల్లో అన్నమాట.

అమ్మ పటాన్ని కళ్లదగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇంతమంది పిల్లలేమిట్రా! కోడి ఏది?”

అన్నిటికన్నా పెద్ద చుక్కమీద వేలుపెట్టాను. నా వేలిపక్కన తన వేలు ఆనించి, ఒకటి, రెండు అని మొదలుపెట్టింది.