మా మూలపురుషుడు పట్టింది కత్తా, కర్రా?

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం పోయే రోడ్డులో లారీలకు కొదవ లేదు. దూరంగా థర్మల్ ప్లాంటు పొగ గొట్టాలు, దగ్గర్లో రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. గడ్డి మాత్రం వెతుక్కోవాలి. నేను బండేసుకుని బయల్దేరింది ఆ గడ్డి కోసమే. ఇప్పటిది కాదు, దాదాపు 750 ఏళ్ళ కిందటి గడ్డి.

విషయం ఏందంటే, మైపాడు పక్క మా ఊళ్ళో కాటమరాజు గుడి బాగు చేయిస్తున్నారు. ఇంటికింత అని చందా వేశారు. గుడి ముందు నల్లరాతి పలక పెట్టి, దాని మీద మా ఇంటిపేరు మూలపురుషుణ్ణి గుర్రమెక్కించి, చేతికి కత్తిచ్చి, కింద ‘కాటమరాజు సేనాధిపతి’ అని చెక్కించాలని మావాళ్ళ పట్టు. పై వీధిలో ఇంకో ఇంటిపేరు వాళ్ళు ‘సేనాధిపతి మావాడు’ అంటున్నారు. ఒకసారి రాయి మీదికి ఎక్కిందంటే రేపు మా పిల్లలకు అదే చరిత్ర. ఓడిన వీధి వాళ్ళు గుడి మెట్లెక్కరు కూడా. ‘పొద్దాకా ఫోన్లోనే ఉంటావు గదా అబ్బయ్యా, ఆ సాక్ష్యమేదో నువ్వే ఎతికి పెట్టు’ అని మా పెదనాన్న పని నాకు అంటగట్టాడు.

కథ తెలియని వాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. 13వ శతాబ్దం. కనిగిరి వైపు కరువొస్తే యాదవ నాయకుడు కాటమరాజు మందల్ని నెల్లూరు రాజు బీళ్ళకు తోలుకొచ్చాడు. మేపుకున్నందుకు పుల్లరి కింద కోడెదూడలు ఇవ్వాలని ఒప్పందం. తర్వాత ఆ పుల్లరి దగ్గరే పేచీ. మధ్యలో ఒక చిలక చావు కూడా ఉంది, దాని జోలికి పోను. చివరికి పాలేటి ఒడ్డున, పంచలింగాల దగ్గర యుద్ధం. రాజు తరఫున కత్తి పట్టినవాడు ఖడ్గ తిక్కన, మన మహాభారతం తిక్కనకు పెదనాన్న కొడుకు.

ఇందులో రుజువున్నది ఎంత? కేతన తన దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిస్తూ ఆ వంశాన్ని వర్ణించాడు. కేతన వాళ్ళ కాలం వాడే. అందువల్ల ఖడ్గ తిక్కన కల్పన కాదని నమ్మొచ్చు. ఓడి ఇంటికొస్తే భార్య మంచం అడ్డం పెట్టి స్నానానికి పసుపు ముద్ద పెట్టిందనీ, తల్లి విరిగిన పాలు పోసిందనీ మనం స్కూల్లో విన్నది చాటు పద్యాల్లోంచి వచ్చింది. బాగుంటుంది, సాక్ష్యానికి మాత్రం పనికిరాదు. ఇక మావాళ్ళ వైపు ఉన్నది పాట. 1970ల్లో తంగిరాల వెంకట సుబ్బారావు గారు పరిష్కరించిన కాటమరాజు కథల్లో రాజు పేరు నల్లసిద్ధి. సాహిత్య చరిత్రలు ఆయన్ను మనుమసిద్ధి అంటాయి. రాజు పేరుకే ఇంత తకరారు ఉంటే, మా వీధి సేనాధిపతి సంగతి మీరే ఊహించుకోండి.

ఇంగ్లండులో ఎవరైనా ‘మా పూర్వీకుడు నైట్’ అంటే తేల్చడానికి పాత రాజుల కాగితాలున్నాయి. సరిగ్గా ఆ 13వ శతాబ్దంలోనే అక్కడ మూడో హెన్రీ, ఇంత రాబడి వచ్చే భూమి ఉన్నవాడు నైట్ అయి తీరాలి, కాకుంటే జరిమానా కట్టాలి అని ఆజ్ఞలిచ్చాడు. గుర్రం, కవచం, కొలువు ఖర్చులకు జడిసి జనం తప్పించుకునేవాళ్ళట! మా ఊళ్ళోనేమో ఆ పదవికి రెండు వీధుల పోటీ.

మనకు కాగితాల బదులు రాళ్ళున్నాయి. నెల్లూరు జిల్లా శాసనాలన్నీ ఏరి అలన్ బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలు వేశారు. పీడీఎఫ్‌లు ఫోన్లోనే తెరుచుకుంటాయి. కృష్ణపట్నానికి నేను పోయింది అవి చదివాకే. ఇప్పుడు బొగ్గు దిగే ఈ ఊరి పాతపేరు కొల్లితురై. తెలుగు చోడుల కాలంలో గండగోపాల పట్టణం అన్నారు. అప్పుడూ రేవే. సరుకు మీద గుడికి ఇంత చెల్లిస్తామని వర్తకులు ఒప్పుకున్న తమిళ శాసనం ఇక్కడిదే. ఇక్కడి రాళ్ళకు కావలసింది యుద్ధాలు కాదు, లెక్కలు.

ఆ లెక్కల్లోనే నాకు మావాళ్ళు దొరికారు. పేరుతో కాదు, వృత్తితో. గుళ్ళో అఖండ దీపం పెట్టించాలనుకున్నవాడు ఏ పాతిక ఆవులో, యాభై గొర్రెలో దానమిచ్చేవాడు. ఆ మందను ఒక కాపరి చేతికి అప్పగించేవాళ్ళు. అతనూ, అతని తర్వాత కొడుకులూ, మనవలూ రోజూ మానెడు నెయ్యి దీపానికి పోయాలి. ఆంధ్ర తీరం శాసనాల్లో ఇది మామూలు ఏర్పాటు. మంద కాసేవాడి పేరు రాయికి ఎక్కిందంటే చాలాసార్లు ఈ నెయ్యి పద్దు కిందే. కత్తి కింద కాదు. నన్నడిగితే గుర్రం మీది బొమ్మ కంటే తరతరాల మానెడు నెయ్యే గొప్ప. పాలేటి ఒడ్డున పోరాడింది కూడా ఇలాంటి కాపరులే అయ్యుంటారు. సగం మంది చేతుల్లో ఉన్నది ఆవుల్ని అదిలించే కర్రే అయ్యుంటుంది.

కొలుపుల్లో కాటమరాజు కథ పాడే కొమ్ము వారిలో ఒక పెద్దాయన్ను కూడా అడిగాను, సేనాధిపతి ఇంటిపేరు పాటలో ఉందా అని. ఆయన నవ్వాడు. ‘కొలుపు ఎవరు పెట్టుకుంటే వాళ్ళ గోత్రం, ఇంటిపేరు ఎత్తుకుంటాం సామీ. లేకుంటే కొలుపు ఎట్టా జరుగుద్ది?’

ఇదంతా పెదనాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ‘అంటే మనకు వంశం లేదంటావా?’

వంశం ఉంది పెదనాన్నా, రాసిన పుస్తకమే లేదు అని ఫోన్లో బ్రెజిల్ ఆవుల్ని చూపించాను. తెల్లగా, మూపురంతో, అచ్చం మన ఒంగోలు జాతి. అక్కడ వాటిని ‘నెలోర్’ అంటారు, మన నెల్లూరు పేరే. బ్రెజిల్ మందల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. ఫలానా కోడె తండ్రి ఎవరు, తాత ఎవరు అని 1938 నుంచి రిజిస్టరు రాస్తున్నారు.

‘ఆవులకు రాశారు, కాసినోళ్ళకు రాయలేదు’ అని ఆయన ఫోను లాక్కుని ఇంకో నాలుగు ఫోటోలు చూశాడు.

పలక మీద ఏ ఇంటిపేరూ వద్దనీ, ‘పుల్లరి పోరులో పడిపోయిన మందకాపరులకు’ అని చాలనీ నేను రాసిచ్చాను. పై వీధి వాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. గుర్రం తీసేసి ఆవును పెట్టడానికి మాత్రం రెండు వీధులూ తలూపాయి. రాతి పనివాడు కొమ్ములకు, మూపురానికి ఎక్స్‌ట్రా అవుతుంది అన్నాడంట.