‘అన్నా, కాసేపు ఆగుదాం!’

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... మూడు జిల్లాల్లో ప్రయాణికుల విమానం దిగే చోటు ఒక్కటీ లేదు. విమానం ఎక్కాలంటే శంషాబాద్ పోవాల్సిందే. అయినా ఆకాశంలో జరిగే తప్పుల గురించి ఈ నేలకు తెలిసినంత చాలా చోట్లకు తెలియదు.

పటం తీసి బేగంపేట నుంచి చిత్తూరుకు ఓ గీత గీయండి. అచ్చంపేట, అమ్రాబాద్ అడవుల మీదుగా వెళ్లి కృష్ణ దాటుతుంది. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బయల్దేరింది ఆ దిక్కుకే. అది నల్లమలలో, పావురాలగుట్ట దగ్గర కూలింది. అందులో ఉన్న అయిదుగురూ చనిపోయారు. శకలాలు కనిపించింది మర్నాడు.

విచారణ కమిటీ ఏం చెప్పింది? హెలికాప్టర్ మబ్బుల్లో బలంగా కిందికి లాగే గాలిలో చిక్కుకుందని. అంతకుముందు ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ దగ్గర ఏదో ఇబ్బంది కనిపించింది. దానికి పరిష్కారం వెతకడంలో పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారట. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఇద్దరి ధ్యాసా ఒకే సమస్య మీదుంటే, ఎదురుగా ఉన్న మబ్బును చూసేదెవరు?

ఇది ఇక్కడి సమస్యే కాదు. 1978 డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఓ కెప్టెన్ చక్రాల సంగతి తేల్చుకుంటూ గాల్లోనే తిరిగాడు. ఇంధనం తగ్గిపోతోందని పక్కవాళ్లు చెప్పారు... కానీ గట్టిగా కాదు. చివరికి ఇంజిన్లు ఆగిపోయాయి. పదిమంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది టెనెరిఫ్ దీవిలో రన్‌వే మీద రెండు జంబోలు ఢీకొని 583 మంది పోయారు. అక్కడా అంతే, కిందివాడి సందేహం పైవాడి హడావిడిలో కొట్టుకుపోయింది.

ఆ తర్వాతే విమానయాన సంస్థలకు ఓ సంగతి బోధపడింది. విమానం నడపడం నేర్పితే చాలదు, కలిసి పనిచేయడం కూడా నేర్పాలి! 1981లో అమెరికాలో మొదలైన ఆ శిక్షణ ఇప్పుడు ప్రపంచమంతటా తప్పనిసరి. ఒకరు నడుపుతుంటే రెండోవారు గమనిస్తూ ఉండాలి. అనుమానం వస్తే పైకి చెప్పాలి. వినకపోతే మళ్లీ చెప్పాలి. కెప్టెన్ కూడా దాన్ని ధిక్కారం అనుకోకూడదు.

చెప్పినంత తేలిక కాదిది. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన ఇళ్లు మనవి. 2010 మే 22న మంగళూరులో దిగబోతున్న విమానంలో కోపైలట్ మూడుసార్లు చెప్పాడు, దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయిన కెప్టెన్ ఆగలేదు. 158 మంది బలయ్యారు.

ఇక విమానం సంగతి వదిలి రోడ్డు మీదకు రండి. 44వ నంబరు జాతీయ రహదారి. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి... రాత్రంతా హైదరాబాద్, బెంగళూరు బస్సులే. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట మండలం పాలెం దగ్గర ఓ వోల్వో బస్సు కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు అంటుకుంది. 45 మంది సజీవదహనమయ్యారు. దీపావళికి ఇళ్లకు వస్తున్నవాళ్లు వాళ్లలో ఎందరో! మళ్లీ 2025 అక్టోబరు 24న ఇదే రహదారిలో, తుంగభద్ర దాటాక కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు.

విమానం తలుపు మూయగానే ఎయిర్‌హోస్టెస్ దారులన్నీ చూపిస్తుంది. వందసార్లు ఎక్కినవాడు పేపర్ చదువుకుంటాడు, అది వేరే సంగతి. కొత్త రకం విమానానికి అనుమతి రావాలంటే సగం తలుపులు మూసేసినా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలి. సిబ్బందికి ఏటా సాధన ఉంటుంది. మరి స్లీపర్ బస్సులో? అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో ఎవరికి తెలుసు? వెనకున్న అత్యవసర ద్వారం ఎటు తెరుచుకుంటుందో ఎవరు చెబుతారు? అర నిమిషం పని.

ఇంకో సంగతి. బస్సులో కోపైలట్ లేడా అంటే ఉన్నాడు! క్లీనర్. ‘పదేళ్లుగా ఇదే రోడ్డు, కళ్లు మూసుకుని నడుపుతా’ అనే డ్రైవర్ పక్కన కూర్చుని, అతని కళ్లు నిజంగానే మూతపడుతున్నాయేమో చూడగలిగేది అతనొక్కడే. ‘అన్నా, కాసేపు ఆగుదాం’ అని గట్టిగా అనే హక్కు అతనికి ఎవరిచ్చారు? అన్నందుకు మర్నాడు పని పోదని యజమాని మాటిచ్చాడా? పెబ్బేరు దాటేసరికి తెల్లవారుజాము మూడో, నాలుగో అవుతుంది. నిద్ర ముంచుకొచ్చే వేళ అదే.