దుర్యోధనుడి పళ్లు

మా బాబాయి తెనాలి వైపు స్టేజీల మీద పేరున్న దుర్యోధనుడు. ఇప్పుడు కింది వరసలో ఒక్క పన్నూ లేదు! త, థ, ద, ధ, న... వీటిని దంత్యాలన్నారు ఊరికేనా? కట్టుడు పళ్లు చవకే గానీ, పళ్లు పోయిన దవడ ఎముక ఏటేటా అరిగిపోతుంది. కింది సెట్టు నిలవదు. రాగం మధ్యలో జారిందా, ఈలలే ఈలలు! (మీ హీరోకి ఈల గౌరవం గానీ, దుర్యోధనుడికి కాదు కదా.)

ఇంప్లాంటంటే దవడలో బిగించే టైటానియం మరమేకు. 1965లో స్వీడన్ డాక్టరు బ్రోనెమార్క్ మనుషులకు పెట్టడం మొదలెట్టాడు. ఎముక దాన్ని పట్టుకోడానికి మూడు నుంచి ఆరు నెలలు. వరసంతా అవే పెట్టించాలంటే పొలం అమ్మాలి. అందుకే నా ఓటు రెండే ఇంప్లాంట్లకి. సెట్టు వాటిమీద బిగుస్తుంది, రాత్రి తీసి పెట్టుకోవచ్చు.

"శివరాత్రి నాటకానికి ఎముక పట్టేస్తుందంటావురా?" అంటాడు బాబాయి.

దసరా నిన్ననే వెళ్లింది. ముందు ఆయన షుగరు దిగాలి.