ద్రాక్షతోటలో ఖాళీ గడి

బ్రోకెన్ ఆర్మ్స్ గేమ్స్ సంస్థ రూపొందించిన 'హండ్రెడ్ డేస్' అనే కంప్యూటర్ ఆట 2021లో వెలువడింది. నగరంలో ఉద్యోగం వదలి, ఇటలీలోని పీడ్‌మాంట్‌లో ఒక చిన్న ద్రాక్షతోటను చేపట్టిన ఎమ్మా కథ అందులోనిది. తీగ పెంచాలి, వైన్ తీయాలి, సీసాలకెత్తి అమ్మాలి. ప్రతి పనీ గళ్ళ పలకపై కొంత చోటును ఆక్రమిస్తుంది. ఆ పని ముగిసేదాకా ఆ గళ్ళు మరో పనికి దక్కవు.

కొత్త ఆటగాణ్ణి ముంచేది వానకన్నా ఆశే. చేతిలో కాస్త డబ్బు ఆడగానే రెండో తోట కొంటాడు, మరో రకం ద్రాక్ష నాటుతాడు. పలక నిండుగా కనిపిస్తే వ్యాపారం సాగుతున్నదనుకుంటాడు. తీరా పండు పక్వానికి వచ్చేసరికి కోతకు చోటుండదు. కోసినా పులియబెట్టడానికి ఉండదు. అందుచేత తొలి ఏళ్ళలో ఒకే తోట, ఒకే రకం చాలు. చలికాలపు కత్తిరింపును ఉపేక్షించరాదు. కోతకు ముందే గళ్ళను ఖాళీ చేసుకోవాలి. ఉన్న సీసాలు అమ్ముడుపోకముందే కొత్త ఖర్చు తలకెత్తుకోరాదు.

ఈ జాగ్రత్తలన్నీ నాసిక్ రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరొకటి, జనవరి మొదలు మార్చి దాకా కోత: ఆయన పలక ఎప్పుడూ నిండే ఉంటుంది. ఆయన లెక్కకు అందనిది వేరే ఉంది. మంత్రివర్గ నిర్ణయానికి ఆటలో గడి లేదు, మహారాష్ట్రలో ఉంది.

మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. 2022 జనవరిలో ఉద్ధవ్ ఠాక్రే ప్రభుత్వం సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి అనుమతినిస్తూ, రైతుల మేలు కోసమేనని చెప్పుకొంది. నాడు ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ మండిపడింది. అన్నా హజారే నిరాహార దీక్ష ప్రకటించారు. ప్రజాభిప్రాయం సేకరిస్తామని ప్రభుత్వం అన్న తరువాతనే ఆయన శాంతించారు. మద్యనిషేధానికి ప్రయత్నించమనే 47వ అధికరణం రాజ్యాంగంలో ఉన్నమాట నిజమే కనుక ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేము. అయితే ఆ వాదోపవాదాలు సాగినది సరిగ్గా కోతల కాలంలో.

ద్రాక్షతీగ కాపుకు రావడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది. ఆ నిర్ణయాన్ని నమ్మి అప్పుడే నాటిన తీగ ఏదైనా ఉంటే, దాని తొలి కోతకు 2025 రావాలి. నిర్ణయం చేసిన ప్రభుత్వం అదే ఏడు జూన్‌లో కూలిపోయింది.